పదకొండు వేలిముద్రల ఉత్తరం

మా మనవరాలికి నాలుగు రోజులుగా జ్వరం. కొండమీది వానలు వెనక్కి తగ్గగానే రాజపాళయంలో ఏటేటా ఇంటికొకరు దుప్పటి కప్పుకొని పడుకోవడం మామూలే కాబట్టి నేను పెద్దగా కంగారు పడలేదు గానీ, మొన్న పొద్దున మిరియాల కషాయం పట్టుకొని గదిలోకి పోయేసరికి అది ఫోను గుండెల మీద బోర్లా పెట్టుకొని గోడవైపు తిరిగి కళ్ళనీళ్ళు కారుస్తోంది. తలనొప్పా అంటే కాదంది, ఒళ్ళు నొప్పులా అంటే కాదంది, చివరికి ఫోను నా చేతికిచ్చి, కషాయం ఒక్క గుక్కలో తాగేసి దుప్పటి ముసుగు పెట్టేసింది.

సంగతి మీకు ముందు చెప్పాలి. మా వీధి వీధంతా చూసే టీవీ సీరియల్ ఒకటుంది. అందులో కథానాయికకు ఒక చెల్లెలు ఉండేది. ఆ సీరియల్ తీసేవాళ్ళు ఆ పిల్లను ఒకరోజు కారెక్కించి ఏదో హాస్టలుకు పంపించి, తర్వాత ఆ పిల్ల ఊసే మరిచిపోయారు. చూసే మేమూ మరిచిపోయాం. మా మనవరాలు మాత్రం మరవలేదు. ఆ పిల్ల హాస్టల్లో ఏం చేస్తోంది, ఇంటి నుండి ఉత్తరం ముక్కయినా వస్తోందా అని బెంగ పెట్టుకొని, తానే ఆ పిల్ల కథను తమిళంలో భాగాలు భాగాలుగా ఫోనులో రాస్తోంది. ఇట్లా ఒకరు పుట్టించిన మనుషులను తీసుకొని ఇంకొకరు పెంచి పెద్దచేసే రాతలు ఇప్పుడు బోలెడట, ఎక్కడెక్కడి వాళ్ళో చదువుతారట. ఎవరూ రాయమనలేదు, రాసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు, దాని సరదా దానిది. జ్వరం రాగానే బుద్ధిగా, ఒంట్లో బాగాలేదు, వచ్చే భాగం ఆలస్యమవుతుంది, మన్నించండి అని ఒక ముక్క పెట్టింది. దాని కింద వచ్చిన జవాబులే నా చేతిలో ఉన్నవి.

కళ్ళద్దాలు పెట్టుకొని చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. రాయలేనిదానివి మొదలెందుకు పెట్టావని ఒకరు, ఆ పిల్లను ఫలానావాడితో కలపకపోతే చదవడం మానేస్తామని ఒకరు, మా ఓపికతో ఆడుకోవద్దని ఇంకొకరు. అరె, వీళ్ళేమైనా దీన్ని కూలికి పెట్టుకొన్నారా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మా పెద్దవాళ్ళు అనేవారు; ఈ కాలంలో వినేవాళ్ళకే చెప్పేవాళ్ళు లోకువైపోయారు. నాలుగు మాటలు గట్టిగా తిట్టుకొంటూ కిందికి జరుపుతూ పోతే అన్నిటికన్నా అడుగున ఒకటుంది. జ్వరం ఒంటికి కదా, చేతికి ఏమి వచ్చింది అని.

నా తిట్లు అక్కడే ఆగాయి. ఎందుకంటే ఆ మాట నాది. అచ్చం అదే మాటను యాభై ఏళ్ళ కిందట, మా పక్క ఊరు సత్రపట్టిలో ఒక రేకుల షెడ్డులో కూర్చొని, మొహం కూడా చూడని ఒక పెద్దమనిషికి నా చేతులారా రాశాను.

మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. ఎప్పటి నాయక రాజుల కాలంలోనో తెలుగు సీమ నుండి ఈ తమిళ దేశానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. వంటింట్లో, పొలంలో, పోట్లాటలో తెలుగే గానీ బళ్ళో పలక మీద దిద్దించింది తమిళ అక్షరాలు. నేను తెలుగు రాత నేర్చుకొన్నది నలభై దాటాక, మాకు చిత్తూరు వైపు నుండి అల్లుడు వచ్చాక, ఇదిగో ఈ మనవరాలికి తెచ్చిన వాచకం దాని పక్కన కూర్చొని దిద్ది. అందుకని ఈ రాతలో తప్పులుంటే మా అల్లుడిని తిట్టండి, నన్ను కాదు.

ఆ రోజుల్లో సత్రపట్టి నిండా బ్యాండేజి బట్ట నేసే మగ్గాలు. మగ్గాల షెడ్డులో మాట వినబడదు, అరిచినా అంతే. కానీ నేసిన బట్టను చీల్చి చుట్టలుగా చుట్టే షెడ్డు వేరే ఉండేది, అక్కడ నిశ్శబ్దం. ఒక చేత్తో చిన్న పిడి తిప్పుతూ, ఇంకో చేత్తో బట్ట వంకర పోకుండా బిగబట్టుకొంటూ, చుట్ట పూర్తికాగానే తీసి నీలం కాగితంలో చుట్టి, షెడ్డు ముద్ర వేసి పక్కన పెట్టడమే పని. చేతులకే పని, చెవులు ఖాళీ. పదిహేడేళ్ళ వయసులో నేను రాజపాళయం నుండి బస్సెక్కి అక్కడికి పనికి పోయేదాన్ని. మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, అప్పటికే అక్కడ పాత మనిషి. నన్ను చేర్పించింది కూడా ఆమే. మా పెదనాన్న కొడుకు భార్య, నాకు వదిన, ఆమె నోరు కత్తెర. ఇంకా చర్చికి పోయే అత్త ఒకామె, వరసకు అత్త గానీ చుట్టరికం ఏమీ లేదు. ఇట్లా అందరం కలిసి పదకొండు మందిమి. అందరిలోకీ ఎనిమిదో క్లాసు దాకా చదివింది నేనొక్కదాన్నే, మిగిలినవాళ్ళకు బస్సు మీది ఊరి పేరు కూడా ఎవరైనా చదివి చెప్పాల్సిందే.

మా అక్క మొగుడికి, అంటే మా బావకు, బస్టాండు దగ్గర టీ కొట్టుండేది. వచ్చిపోయేవాళ్ళు చూసుకోవడానికి ఒక తమిళ వారపత్రిక తెప్పించేవాడు. కొత్తది రాగానే పాతది, టీ మరకలతో సహా, నాది. దాన్ని సంచిలో పెట్టుకొని పోయి, మధ్యాహ్నం సద్ది గిన్నెలు కడుక్కొన్న తర్వాత, అందరూ మళ్ళీ పిడులు తిప్పడం మొదలుపెట్టగానే నేను అందులోని సీరియల్ చదివేదాన్ని. చదవడమంటే కళ్ళతో తమిళం, నోటితో తెలుగు. అది మా షెడ్డు ఆచారం, నాకు ముందు ఎవరో చదువుకొన్న పిల్ల చేసేదట, ఆమె పెళ్ళయి పోయాక ఆ పని నాకు వచ్చింది. ఆ వేళ నా వంతు చుట్టలు మిగిలిన పదిమందీ పంచుకొని చుట్టేవాళ్ళు. పొడుగాటి వర్ణనలు నేను మింగేసేదాన్ని, మరీ కఠినంగా ఉన్నచోట మెత్తచేసేదాన్ని, వాళ్ళకు తెలియని ఊరి పేరు వస్తే మా చుట్టుపక్కల సేత్తూరనో మంసాపురమనో మార్చేసేదాన్ని. ఏదీ ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆ ఏడు ఒక కథ మమ్మల్నందరినీ పట్టుకొంది. రైలు గేటు కాపలాదారు కూతురి కథ. తల్లి లేదు, తండ్రికి చూపు తగ్గుతోంది, తండ్రికి తెలియకుండా ఆ పిల్లే గేటు వేసి తీస్తూ ఉంటుంది. ఇట్లా ఉండగా పట్నంలో నర్సు చదువుకు రమ్మని ఆ పిల్లకు కాగితం వస్తుంది. ఆ పిల్లకు కథలో మంచి పేరే ఉంది గానీ మా షెడ్డులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, మన పిల్ల అనేవాళ్ళు. మన పిల్ల ఏమి తినింది, మన పిల్లకు చీర ఎవరు తెచ్చిరి, ఇదే మాట. నర్సవుతుందన్న ఆశ వచ్చినప్పటి నుండీ మరీ ఎక్కువైంది, ఎందుకంటే మేము చుట్టే చుట్టలు పోయేది ఆస్పత్రులకే కదా. చర్చి అత్త అయితే ఒక ఆదివారం ప్రార్థనలో జబ్బు మనుషుల పేర్లతో పాటు మన పిల్ల పేరు కూడా చేర్పించి వచ్చింది. పాస్టరుగారు ఎవరమ్మా ఈ బిడ్డ అంటే, మా ఇంటి బిడ్డే అని చెప్పిందట! మేము పడీపడీ నవ్వితే ఆమె నొచ్చుకొంది కూడా.

అట్లాంటప్పుడు ఒక వారం, మన పిల్ల చేతిసంచితో మూసిన రైలు గేటు పక్కన నిలబడింది. అవతల చిన్న స్టేషనులోకి పట్నం పోయే బండి వస్తోంది, ఇవతల గుడిసెలో తండ్రి పిలుస్తున్నాడు. తరువాయి వచ్చే వారం. ఆ వచ్చే వారం పత్రిక తెరిస్తే కథ ఉండవలసిన చోట తలనూనె ప్రకటన, దాని కింద రెండు వరుసలు: రచయితకు జ్వరంగా ఉన్నందున ఈ వారం తరువాయి లేదు. నేను ఉన్నదున్నట్లు చదివాను. షెడ్డులో పదిమందీ పిడులు తిప్పడం ఆపేశారు.

రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. వాళ్ళ కోపం ముందు రచయిత మీద మొదలై, ఆయన దొరకడు కాబట్టి మెల్లగా నామీదికి తిరిగింది. నేనేదో దాచిపెట్టినట్లు సంచి తెరిపించి చూశారు. పెద్దమ్మ బాధ వేరు. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, చుట్ట బిగిస్తూ ఒకటే అనేది.

"మూడు వారాలాయ, పావం, మన పిల్ల ఎండలో నిలబడుకోనుండాది. ఒక చెంబు నీళ్ళిచ్చే దిక్కు లేదే."

ఎండలో నిలబెట్టినాయన సంగతి తేల్చాల్సిందేనని వదిన పట్టుబట్టడంతో మూడో వారం శనివారం నాడు ఉత్తరం రాయాలని తీర్మానమైంది. నేను కాగితం ఒళ్ళో పెట్టుకొని కూర్చొంటే తలా ఒక మాట తెలుగులో చెప్పారు, నేను తమిళంలో రాశాను. మేము సత్రపట్టిలో బ్యాండేజి చుట్టే ఆడవాళ్ళము, మీ కథ తప్పకుండా వింటున్నాము, అని మర్యాదగానే మొదలైంది, పెద్దమ్మ ఎండ మాటా, చెంబు నీళ్ళ మాటా అందులో పడ్డాయి. ఆ తర్వాత వదిన అందుకొంది.

"జొరమొస్తే మనం పనికి రాకుండా ఇంట్లో పండుకొంటామా? మొన్న నేను రాలేదా జొరంతో? జొరం ఒంటికి కదా, చేతికి ఏమి వచ్చింది అని అడుగు. రాయి పాపా, అట్లే రాయి, మార్చేది లేదు."

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఏమి రాస్తున్నానో చూసి చెప్పగలిగినవాళ్ళు ఆ షెడ్డులో ఎవరూ లేరు. వారం వారం ఆ రచయిత మాటలను వాళ్ళకోసం మెత్తచేసినదాన్ని, వాళ్ళ మాటలను ఆయన కోసం ఒక్కటి మెత్తచేయలేనా? ఆ మాట చోట, మీ ఆరోగ్యం ఎట్లా ఉంది అని రాసి, వదిన చెప్పిందే చదివి వినిపించి ఉంటే ఎవరికి తెలుస్తుంది? రాయలేదు. ఎందుకంటే నాకూ కోపంగా ఉంది. అంతే కాదు, ఎవరూ చెప్పని ఒక మాట నేనే చేర్చాను, బళ్ళో నేర్చిన మంచి తమిళంలో: తమకు చేతకాకపోతే కలం ఇంకొకరికి ఇవ్వవచ్చును కదా. అది ఎవరికీ వినిపించలేదు. ఆ ఇంకొకరు ఎవరని నా మనసులో ఉందో మీకు వేరే చెప్పాలా?

ఇక చేవ్రాలు. చుట్టల మీద ముద్ర వేసే ఊదా సిరా పలక తెచ్చి అందరూ వరసగా బొటనవేళ్ళు అద్దారు. చేవ్రాలు పెట్టగలిగిన నేను కూడా, అందరితో పాటు వేలే వేశాను. ఒక్కదాని పేరు బయటపడి ఉండటం ఎందుకని. పదకొండు వేళ్ళలో ఏది నాదో ఇక ఎవరు చెప్పగలరు? జవాబు రావడానికి బావ టీ కొట్టు చిరునామా రాసి పంపేశాం.

ఆ మరుసటి వారం పత్రికలో మళ్ళీ తలనూనె ప్రకటనే. షెడ్డులో పదిమంది మొహాలూ చూశాను, నాకు ఏమి పుట్టిందో తెలియదు, పత్రిక తెరిచి, వచ్చింది అన్నాను. ఆ తలనూనె సీసా మీదే చూపు నిలిపి, గేటు మూసి ఉండగానే మన పిల్ల కింద నుండి దూరి బండెక్కినట్లు, కిటికీలోంచి తండ్రికి కేకవేసి చెప్పినట్లు, కట్టుకథ గడగడా చదివేశాను. ముగించి తలెత్తాను. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, సరి, ఎండలో నుండి కదిలింది, అదే చాలు అంది.

అప్పటి నుండి వారం వారం కథ నాదే. బస్సులో కూర్చొని అల్లుకొంటూ పోయేదాన్ని. మన పిల్లను పట్నంలో ఆస్పత్రిలో చేర్చాను, ఒక పొగరుబోతు డాక్టరు చేత తిట్టించాను, తండ్రికి కంటి ఆపరేషన్ చేయించాను. ఒక వారం అయితే మన పిల్ల ఆస్పత్రిలో పార్సిలు విప్పుతుంది, లోపల నీలం కాగితంలో చుట్టిన బ్యాండేజి, దాని మీద మా షెడ్డు ముద్ర! చెప్పొద్దూ, ఆ రోజు షెడ్డులో ఒక్కొక్కరి మొహం చూడాలి. వదిన లేచి నిలబడింది. చర్చి అత్త చేతిలోని చుట్టను కళ్ళకద్దుకొంది.

ఇంకొకటి కూడా జరిగింది, అప్పుడు నేను గమనించినా అర్థం చేసుకోలేదు. కథ నాదైన నాటి నుండి నన్ను ఒక్కరూ కసిరింది లేదు. ముందు త్వరగా త్వరగా అని తోసేవాళ్ళు, ఇప్పుడు నేను ఆగితే ఆగేవాళ్ళు. గొంతు ఎండితే టీ తెచ్చేవాళ్ళు. ఒక రోజు నాకు తలనొప్పిగా ఉండి రేపు చదువుతాను అంటే, ఏమీ పరవాలేదు పాపా, రేపు కాకపోతే ఎల్లుండి అన్నది సాక్షాత్తూ మా వదిన. కథ అంత బాగుంది కాబోలు అని నేను పొంగిపోయాను.

ఇట్లా నాలుగు వారాలు గడిచాక, ఒక సాయంత్రం బస్సు దిగగానే బావ పిలిచి నా చేతిలో ఒక ఇన్లాండు ఉత్తరం పెట్టాడు. సత్రపట్టి బ్యాండేజి షెడ్డులోని పదకొండు మంది అక్కలకు అని ఉంది పైన. రాసింది ఆ రచయిత కూతురు. నాన్నకు వచ్చింది జ్వరం కాదు, చదివేవాళ్ళు దిగులుపడతారని పత్రికవాళ్ళు అట్లా వేశారు, పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది, అని రాసింది. మీ ఉత్తరం నాన్నకు మూడుసార్లు చదివి వినిపించాను. చేతికి ఏమి వచ్చింది అన్నచోట నాన్న నవ్వారు, జబ్బు పడిన తర్వాత నవ్వడం అదే మొదలు. అక్కలు సరిగ్గానే పట్టుకొన్నారు, వచ్చింది చేతికే అని రాయమన్నారు. కలం ఇంకొకరికి ఇమ్మన్నారు కాబట్టి నాకు ఇచ్చారు, ఇకమీద నాన్న చెబితే నేను రాస్తాను. కానీ కథలో ఆ అమ్మాయి ఎటు పోవాలో నాన్నకు తేలడం లేదట. మీరు చేతులతో కష్టం చేసేవాళ్ళు, మీకు తోచింది రాయండి, మీ జవాబు కోసం చూస్తూ ఉంటారు.

అక్కడే బెంచీ మీద కూర్చొని మళ్ళీ మొదటి నుండి చదివాను. బావ ఏమిటని అడిగితే స్నేహితురాలి ఉత్తరమని చెప్పాను. మీరే చెప్పండి, ఆ ఉత్తరం నా ఒక్కదానిదా? పదకొండు మందిది. దాన్ని షెడ్డులో చదివితే, ఈ నాలుగు వారాలూ నేను చదివిందంతా అబద్ధమని తేలిపోతుంది. చదవకపోతే ఆయన ఎదురుచూస్తూ ఉంటాడు. పైగా నా మన పిల్ల అప్పుడే పట్నంలో చక్కగా నర్సు దుస్తులు వేసుకొని తిరుగుతోంది, ఆమెను మళ్ళీ తెచ్చి గేటు పక్కన ఎండలో నిలబెట్టడానికి నాకే మనసొప్పలేదు. భయం ఒకపాలైతే గర్వం రెండుపాళ్ళు. తేలు కుట్టిన దొంగలా ఊరుకొన్నాను. ఉత్తరం ట్రంకు పెట్టె అడుగుకు పోయింది. జవాబు రాయలేదు.

మరి కొన్ని వారాలకు పత్రికలో కథ మళ్ళీ వచ్చింది, రెండే రెండు భాగాలు, రెండోదాని అడుగున ముగిసింది అని. ఆ రెండో భాగం నేను సత్రపట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చొని చదివాను. మన పిల్ల ఇంకా గేటు పక్కనే ఉంది, బండి వెళ్ళిపోయింది, ఎటూ కదలలేక నిలబడింది. అప్పుడు గేటు అవతల నుండి తలమీద దూది మూటలతో పదకొండు మంది ఆడవాళ్ళు వస్తారు. ఏ ఊరి వాళ్ళో, తమలో తాము వేరే ఏదో భాష మాట్లాడుకొంటూ ఉంటారు. వాళ్ళలో పెద్దామె మూట దించి, ఎంతసేపు తల్లీ ఎండలో అని, చెంబుతో నీళ్ళిస్తుంది. మన పిల్ల తాగి, చెంబు తిరిగి ఇచ్చి, గేటు తీస్తుంది. ఆ తర్వాత ఎటు పోయిందో ఆయన రాయలేదు.

మమ్మల్ని ఆయన కథలో పెట్టాడు. మా ఉత్తరం ఏ భాష మనసుతో రాసిందో కూడా కనిపెట్టాడు. అంత మాట అన్నవాళ్ళ చేత నీళ్ళిప్పించాడు. ఆ పత్రిక సంచిలో ఉండగానే నేను షెడ్డుకు పోయి, తలనూనె బొమ్మ ఉన్న పాత పుట తెరిచి, నా కథకు నేను పెళ్ళీ పేరంటమూ పెట్టి ముగించేశాను. అందరూ బాగుందన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

నాకు పెళ్ళయింది, షెడ్డు మానేశాను, ఇద్దరు పిల్లలు పుట్టారు. చర్చి అత్త పోయింది, ఒక్కొక్కరే చెదిరిపోయారు. పెద్దమ్మ మంచం పట్టిన ఏడు, చూడటానికి పోయి, ఇంక దాచి ప్రయోజనం లేదని ఉత్తరమూ ఆ పత్రికా రెండూ తీసుకొనిపోయాను. ఆమె పక్కన కూర్చొని, ఇరవై ఏళ్ళ కిందటి కథ నేను కల్పించి చదివానని ఏడుస్తూ చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది.

"మాకు తెలీదా ఏందే పిచ్చిదానా? మద్రాసులో కూర్చునుండే మనిషికి మన షెడ్డు నీలం కాయితం ఎట్ల తెలుస్తుంది? దాని దాకా ఎందుకు, మొదటి వారమే మీ వదిన పసిగట్టె. నేనే నోరు మూసుకోమంటిని. చిన్న పిల్ల, తలలో నుండి తీసి తీసి చెప్తా ఉండాది, బెదిరిస్తే ఆపేస్తుంది అని."

నా తలలో ఆ టీలూ, ఆ పరవాలేదు పాపాలూ, అన్నీ ఒక్కసారి తిరిగాయి. ఎదురుగా కూర్చొని కథ తీస్తున్నది తమ పిల్లే అని తెలిశాక, ఆ నోళ్ళు అన్నీ ఎంత మెత్తబడ్డాయి! వాళ్ళకు కథ కావాలనే ఆత్రం తగ్గలేదు, నా మొహం కళ్ళ ముందుంది, అంతే. అప్పుడు నేను ఆయన ఉత్తరం తెలుగులో చెప్పాను, ఆ ఆఖరి భాగం చదివాను, ఈసారి ఒక్క మాట మింగకుండా. పెద్దమ్మ మొహంలో నవ్వు పోయింది.

"ఇది చెప్పకుండా ఉండుకోవాల్సింది కాదు పాపా. ఆ అబద్ధం పోతే పోనీ. ఇది మాదే కదా." నా చెయ్యి పట్టుకొని మళ్ళీ అడిగింది. "నీళ్ళిచ్చింది పెద్దదా? ఆ మాటే ఉందా? అయితే నేనే."

నేను అవునన్నాను. వారం తిరక్కుండానే ఆమె పోయింది. మిగిలినవాళ్ళకు ఆ మాట చెబుదామంటే చాలామంది అప్పటికే చెదిరో పోయో ఉన్నారు. ఆ రచయిత కూడా ఆ కథ తర్వాత ఇంకేమీ రాసినట్లు నేను చూడలేదు. ఆయన కూతురికైనా రెండు ముక్కలు రాయవలసింది. ఇవాళ రేపని అదీ చేయలేదు.

ఇప్పుడు మా మనవరాలి ఫోనులో ఆ అడుగు మాట రాసిన మనిషిని నేను తిట్టలేకపోయాను. ఆ మనిషి ఎక్కడో ఏ పని మధ్యనో, ఏ బస్సులోనో, రోజంతా ఆ ఒక్క భాగం కోసం చూసి ఉండవచ్చు. పాపం, మాలాగే. కానీ మేము కనీసం ఊదా సిరాలో వేళ్ళు ముంచి, వేలు కడుక్కోవడానికి కిరోసిన్ వెతుక్కొని, రెండు రోజులు ఆ మరకతోనే అన్నం తిన్నాం. ఉత్తరం పోవడానికి రోజులు పట్టేది, ఆ రోజుల్లో కోపం చల్లారి అయ్యో అనిపించేది, జవాబు వస్తుందేమోనని భయముండేది. ఇప్పుడు మాట నోట్లో ఉండగానే అవతలి మనిషి గుండెల మీద పడుతోంది, వేలికి మరకా అంటదు.

ఆ మధ్యాహ్నమే మనవరాలు నిద్రపోతుండగా మా అల్లుడి ఫోను తీసుకొని వసారాలో కూర్చొన్నాను. అందులో ఆ కథ తెరవడం, కింద రాయడం పక్కింటి అమ్మాయి నాకు నేర్పించింది. పేరు రాయమని అడిగితే ఏం రాయాలో తోచక, సత్రపట్టి అక్కలు అని పెట్టించాను. తరువాత ఒక్కొక్క అక్షరం నొక్కుకొంటూ తమిళంలో రాశాను: ఒళ్ళు జాగ్రత్త తల్లీ, నిదానంగా రాయి, ఆ పిల్ల ఎటు పోతుందో నీకే తెలుసు. మేము పదకొండు మందిమి, ఎంతకాలమైనా కాచుకొని ఉంటాము. ఆ పదకొండు మందిలో ఇవాళ ఊపిరితో ఉన్నది నేనూ, మంసాపురంలో కొడుకు దగ్గర ఉన్న మా వదినా మాత్రమే. ఆ వదినకు ఇప్పుడు చెవులు వినబడవు.

సాయంత్రం జ్వరం కాస్త దిగి లేచి కూర్చొన్న మనవరాలు లోపలి నుండి పెద్దగా కేకేసింది.

"అవ్వా, ఇదో చూడు, ఎవురో సత్రపట్టి అక్కలంట! పదకొండు మందంట అవ్వా, నాకోసరం కాచుకోనుంటారంట!"

ఆ గొంతులో నవ్వు విని నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. ఎవరో మంచివాళ్ళై ఉంటారు, ముందు నువ్వు గంజి తాగు అన్నాను. యాభై ఏళ్ళు ఆలస్యంగానైనా జవాబు రాశాను గానీ, చూడండి, ఈసారి కూడా నా పేరు రాయలేదు.